ఆరు నెలలు వాడాక స్మార్ట్ వాచ్ రివ్యూ: ఐదు నక్షత్రాలు మూడెందుకయ్యాయంటే

ముందే చెప్పేస్తున్నా, ఈ వాచ్ నేను అవసరమై కొనలేదు. ఆఫీసులో మొదట కొన్నాయన నిజంగా పరుగెత్తే మనిషి, ఏడాదికో మారథాన్‌కి తయారవుతుంటాడు, ఆయనకి దీంతో పనుంది. ఆయన్ని చూసి పక్క సీటావిడ, ఆవిడని చూసి ఇంకో ఇద్దరు, అలా రెండు నెలలు తిరిగేసరికి మీటింగ్‌లో ఏదైనా మెసేజ్ వస్తే టేబుల్ చుట్టూ చేతులన్నీ ఒకేసారి వెలుగుతున్నాయి, నా ముళ్ల గడియారం ఒక్కటే చీకట్లో ఉంది. అసలు నాకేం కావాలో ఒక కాగితం మీద రాసుకున్నాను కూడా: టైమ్, అలారం. రెండూ ఫోన్‌లో ఉన్నాయి. ఆ కాగితం మడిచి డ్రాయర్‌లో పడేసి, రేటింగ్ 4.3 ఉంది, వేలమంది రాశారు, ఇంతమంది పొరపాటు పడతారా అనుకుని ఆర్డర్ పెట్టేశాను.

వస్తువు సంగతికొస్తే, చెత్తదేం కాదు. స్క్రీన్ ఎండలో కూడా బాగానే కనిపిస్తుంది. బ్యాటరీ డబ్బా మీద పది రోజులన్నారు, నాకు ఐదు దాటలేదు. నాకు బాగా నచ్చింది వైబ్రేషన్ అలారం. పక్కన పడుకున్నవాళ్లకి తెలియకుండా మనల్ని మాత్రమే లేపుతుంది.

గుండె వేగం కొలవడానికి వెనకవైపు ఆకుపచ్చ లైట్లు ఉంటాయి. రక్తం ఆ రంగు కాంతిని బాగా పీల్చుకుంటుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం కాస్త పెరిగి వెనక్కి వచ్చే వెలుతురు కాస్త తగ్గుతుంది, ఆ హెచ్చుతగ్గుల్ని సెన్సర్ లెక్కపెడుతుంది. కదలకుండా కూర్చుంటే అంకె నమ్మొచ్చు. పట్టీ వదులుగా ఉండి చేతులు ఊపుతుంటే మాత్రం దాని ఇష్టం. అడుగుల లెక్క ఇంకా తమాషా: పళ్లు తోముకుంటే అడుగులు పడతాయి, ట్రాలీ తోసుకుంటూ ఎంత నడిచినా సగం కూడా పడవు, ఎందుకంటే అది చూసేది చేతి ఊపుని, కాళ్లని కాదు.

రోజుకి 10,000 అడుగులని టార్గెట్ ముందే పెట్టి ఇచ్చారు. ఈ అంకె జనంలోకి పాకింది ఒక వస్తువు పేరుతో. 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ నడుముకి పెట్టుకునే అడుగుల మీటర్ ఒకటి అమ్మింది, దాని పేరు మాన్‌పో-కెయ్, అంటే పదివేల అడుగుల మీటర్. పేరు అతుక్కుపోయింది, ప్రపంచమంతా అదే పట్టుకుంది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న మహిళల మీద చేసిన అధ్యయనంలో 7,500 దగ్గరికొచ్చేసరికి లాభం ఇంచుమించు ఆగిపోయింది. ఈ సంగతి తెలిసి కూడా నేను రాత్రి పదకొండింటికి హాల్లో గిరగిరా తిరిగి మిగిలిన 412 అడుగులూ పూర్తి చేసిన రోజులున్నాయి!

నిద్ర లెక్క గురించి అడక్కండి. కదలకుండా పడుకుని ఫోన్ చూస్తుంటే నిద్రపోయానని రాసింది. హాయిగా లేచిన రోజు స్కోరు 58 అని చూపిస్తే ఆ రోజంతా నీరసమే. ఇలా నిద్ర అంకెల కోసం టెన్షన్ పడి ఉన్న నిద్ర చెడగొట్టుకోవడానికి 2017లో కొందరు పరిశోధకులు ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు.

ఇక అసలు విషయం, ఆ 4.3 సంగతి. ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ (తర్వాత 2019లో నోబెల్ వచ్చింది ఆయనకే) 1992లో రాసిన ఒక పేపర్‌లో పక్కపక్కనే ఉన్న రెండు రెస్టారెంట్ల ఉదాహరణ ఇచ్చారు. మొదటిదే బాగుండొచ్చని అందరికీ రవ్వంత మొగ్గు ఉంటుంది, 51కి 49. కానీ వందమందిలో 99 మందికి విడివిడిగా అందిన కబురు రెండోదే బాగుందని. ఒక్కరికి మాత్రం మొదటిదని అందింది, తీరా ముందు లోపలికెళ్లేది ఆ ఒక్కరే. రెండో మనిషి ఆయన్ని చూసి, తన కబురూ ఆయన కబురూ చెల్లుకి చెల్లు అనుకుని, ఆ 51 వైపే అడుగేస్తాడు. మూడో మనిషికి ఇద్దరు కనిపిస్తారు. చివరికి మొదటిది కిటకిట, రెండోది ఖాళీ. ఇందులో తెలివితక్కువవాళ్లెవరూ లేరు, గొర్రెదాటు అని తిట్టడానికి కూడా వీల్లేదు, ఎవరికి వాళ్లు సరిగ్గానే ఆలోచించారు మరి.

మెసేజింగ్ యాప్ లాంటివైతే నలుగురున్న చోటికే వెళ్లడంలో అర్థం ఉంది, ఎవరూ లేని యాప్‌లో ఎవరితో మాట్లాడతాం. వాచ్ అలా కాదు కదా, పక్కావిడ కొన్నంతమాత్రాన నా వాచ్‌కి కొత్త పని ఏదీ రాదు.

2013లో హేషన్ సన్ అనే పరిశోధకుడు కొత్త టెక్నాలజీ విషయంలో ఈ వేలంవెర్రిని రెండు ముక్కలుగా విడదీశాడు: మనకి తెలిసినదాన్ని పక్కన పెట్టడం, ఎదుటివాళ్లని అనుసరించడం. అలా పక్కన పెట్టింది ఎక్కడికీ పోదట, వాడకం మొదలయ్యాక మళ్లీ పైకి లేస్తుందట. నాకు మూడో నెలలో లేచింది, డ్రాయర్‌లో చార్జర్ వెతుకుతుంటే ఆ కాగితం చేతికి తగిలింది. టైమ్, అలారం. ఇప్పటికీ నేను వాడేవి అవే రెండు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. డబ్బా విప్పిన నాలుగో రోజే ఐదు నక్షత్రాలు ఇచ్చేశాను, అప్పటికి ఒక్కసారి కూడా చార్జింగ్ పెట్టలేదు. ఆ వారమే వేరే టీమ్ అమ్మాయి నా చెయ్యి చూసి "ఎలా ఉందండీ?" అని అడిగింది. ఏమో, ఇంకా తెలియదు అనడానికి నోరు రాలేదు, అప్పుడే కొన్నాను మరి. "బాగుందండీ" అన్నాను. తర్వాతి వారం ఆవిడ చేతికి కూడా ఉంది, వేరే రంగు పట్టీతో.

నిజంగా పరుగెత్తేవాళ్లు, అలారానికి పక్కవాళ్లు లేస్తారని ఇబ్బంది పడేవాళ్లు తీసుకోండి. నా ఐదు నక్షత్రాల్ని ఈ రోజే మూడుకి తగ్గించాను. ఇప్పుడే పేజీ తెరిచి చూశాను, సగటు ఇంకా 4.3 దగ్గరే ఉంది.