కాకినాడా, యానామా, అంతర్వేదా? పడవలు చూసి చేపలు తినాలంటే ఏది మేలు

గోదావరి జిల్లాల్లో చేపల రేవు చూడాలి, చూశాక కడుపునిండా తినాలి అనుకునేవాళ్ళకి ఎవర్ని అడిగినా చెప్పేవి మూడు పేర్లు: కాకినాడ హార్బర్, యానాం, అంతర్వేది పల్లిపాలెం. అన్నీ ఒకటేలే అనుకుని ఏదో ఒకదానికి బండి తిప్పేస్తే మాత్రం సగం మందికి నిరాశే, ఎందుకంటే ఇక్కడ బాగా చూడగలిగే చోట తినడానికి పెద్దగా దొరకదు, బాగా తినగలిగే చోట సముద్రమే కనపడదు.

హార్బర్ అనే మాటకి తగ్గట్టు ఉండేది కాకినాడే. కుంభాభిషేకం రేవు, ఏటిమొగ, దుమ్ములపేట, ఆ చుట్టుపక్కలంతా మత్స్యకారుల బతుకే. తెల్లారకముందే వెళ్ళాలి. తొమ్మిదింటికి టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరితే మీరు చూసేది కడిగేసిన గచ్చు, ఆరేసిన వలలు, అంతే. పొద్దున్నే అయితే మరపడవలు వరసగా వచ్చి ఆగుతుంటాయి, ఐసులోంచి తీసిన చేపలు గచ్చు మీద కుప్పలు పోస్తుంటారు, ఒక పక్క వేలం పాట మొదలైపోతుంది, ఎవరు ఎంతకి పాడారో మనకి అర్థమయ్యేలోపు తట్ట వెళ్ళిపోతుంది. వంజరం, చందువా, పెద్ద రొయ్య లాంటివి ఎగుమతి కంపెనీల వాళ్ళు, పెద్ద వ్యాపారులు ముందే తీసేసుకుంటారు కాబట్టి ఫొటోలో పడ్డ చేప మన సంచిలో పడుతుందని ఆశపడొద్దు. మిగిలిన నెత్తళ్ళు, కానాగంతలు, సావడాయిలు చౌక, పైగా నా నోటికి అవే రుచి. నెత్తళ్ళు కరకరలాడేలా వేయించి పప్పుచారుతో తిన్నవాడికి చందువా గురించి బెంగ ఉండదు.

కాకినాడలో సముద్రం మరీ చెరువులా కనిపిస్తుందని కొందరు పెదవి విరుస్తారు. దానికి కారణం హోప్ ఐలాండ్. గోదావరి మోసుకొచ్చిన మట్టీ ఇసుకా గత రెండు శతాబ్దాల్లో పేరుకుని పొడుగాటి దిబ్బగా మారి, బంగాళాఖాతం అలలకి అడ్డం పడుకుంది. ఆ దిబ్బ చాటునే ఇక్కడ ఓడలు లంగరు వేస్తాయి. అలలు కావాలంటే ఉప్పాడ వెళ్ళండి, అక్కడ సముద్రం ప్రతి తుపానుకీ రోడ్డుని కొంచెం కొంచెం తినేస్తోంది. చరిత్ర మీద ఆసక్తి ఉంటే జగన్నాథపురం ఒకప్పుడు డచ్చివాళ్ళది, 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. అయితే దాన్ని చూపించే బోర్డులూ, మ్యూజియంలూ వెతుక్కోవద్దు, తెలిసి నడిస్తేనే ఏమైనా.

మరి తిండి? రేవులో టీ, ఇడ్లీ, బజ్జీ దొరుకుతాయి గానీ కూర్చుని చేపల భోజనం చేద్దామంటే ఊళ్ళోకి రావాల్సిందే. ఇందులో తమాషా ఏమిటంటే బయటి ఊళ్ళవాళ్ళు కాకినాడ భోజనం అనగానే సుబ్బయ్యగారి హోటల్ అంటారు, అదేమో పూర్తిగా శాకాహారం! హోటళ్ళలో "సముద్రం రొయ్యలు" అని రాసినా నమ్మేముందు ఒకసారి అడగండి. ఈ డెల్టా అంతా వనామీ అనే పెంపకం రొయ్యల చెరువులే, పళ్ళెంలోకొచ్చే రొయ్య చాలాసార్లు చెరువుదే. పండుగప్ప కూడా చెరువుల్లో పెంచుతున్నారు. తినకూడదని కాదు, చెరువు రొయ్యకి సముద్రపు రేటు కట్టొద్దంటున్నా.

యానాం వేరే లెక్క. కాకినాడ నుంచి 30 కిలోమీటర్లు, దారిలో తాళ్ళరేవు, కోరంగి తగులుతాయి. అసలు పాత రేవు అంటే కోరంగే. ఓడలు కట్టి, బాగుచేసి పంపిన ఊరు, 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి తుపాను ఉప్పెన ముంచేసింది, మిగిలిన పని గోదావరి ఒండ్రు చేసింది. ఇప్పుడు అక్కడ చూడ్డానికి మడ అడవి, దాని మధ్య చెక్క వంతెన ఉన్నాయి. పిల్లలుంటే ఒక గంట ఆగండి. తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే పని మాత్రం ఇంకా ఉంది, కళ్ళకి కనిపించే చరిత్ర కావాలంటే అదే.

యానాం చేరాక సముద్రం ఏదని అడక్కండి. అది గోదావరి పాయ గౌతమి ఒడ్డున ఉన్న ఊరు, 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉండి ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. చౌక మందు కోసం వచ్చేవాళ్ళు ఎక్కువ, అందువల్ల శని ఆదివారాలు కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి కాస్త చికాకే. కానీ చేపల కూర దగ్గర దీన్ని కొట్టేది లేదు. జూలై చివర్లో గోదావరికి ఎర్రటి వరదనీరు వచ్చాక సెప్టెంబర్ దాకా పులస కాలం, సముద్రంలోంచి నదిలోకి ఎదురీదుకుంటూ వచ్చే చేప. పుస్తెలమ్మైనా తినాలన్న సామెతని ఇప్పటి రేట్లు దాదాపు నిజం చేసేశాయి, రెండు కిలోల చేప ఇరవై వేలు దాటి పాడిన సందర్భాలున్నాయి. ఇక్కడే జాగ్రత్త. ఒడిశా నుంచి ఐసులో వచ్చిన విలసని, అంటే నదిలోకి ఎక్కకుండా సముద్రంలోనే పట్టిన అదే జాతి చేపని, పులస అని చెప్పి అమ్మేస్తుంటారు. హోటల్లో పులస పులుసు ప్లేటు చౌకగా ఇస్తున్నారంటే అది పులస కాదని రాసి పెట్టుకోండి. నా మాట వింటే పులస మోజు పక్కన పెట్టి దసరా తర్వాత తూర్పుగాలి తిరిగాక వెళ్ళండి, చీరమీను వస్తుంది. చీరలతో పట్టే ఆ చిన్న చేపని మసాలా వేసి ఇగురు పెడితే ఎముక, ముల్లు అన్న గొడవే ఉండదు. ఒకటే చిక్కు, సరిగ్గా కార్తీకమాసంలోనే దొరుకుతుంది, కారులో ఇద్దరైనా నీచు ముట్టనివాళ్ళు ఉంటారు.

ఇక అంతర్వేది. చూడ్డానికి మూడింట్లో ఇదే అందం, ఇందులో నాకు అనుమానం లేదు. గోదావరి ఇంకో పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు, అన్నాచెల్లెళ్ళ గట్టు, లైట్‌హౌస్, పల్లిపాలెం మినీ హార్బర్‌లో నిండా రంగు రంగుల జెండాలతో బోట్లు. మొగ, అంటే నది సముద్రంలో కలిసే ముఖం, పూడుకుపోవడంతో బోట్లు సముద్రపు పోటు చూసుకుని లోపలికొస్తుంటాయి, కాబట్టి ఎప్పుడొస్తాయో అక్కడి బోటువాళ్ళనే అడిగి నిలబడాలి. వలలు సర్దుకుంటున్న వాళ్ళకి అడ్డంగా నిలబడి సెల్ఫీలు తీయొద్దు, ఆడవాళ్ళని అడక్కుండా ఫొటో తీయొద్దు, అక్కడ వాళ్ళు పనిలో ఉంటారు.

కానీ అంతర్వేది వెళ్ళి నరసింహస్వామిని చూడకుండా వచ్చేవాళ్ళెవరు? చేప తిని గుడికెళ్ళలేరు, దర్శనం చేసుకున్నాక వెంటనే తినబుద్ధి కాదు. మా చుట్టాల్లో ఈ విషయం మీద కారులోనే పంచాయితీ నడుస్తుంది. దర్శనం పొద్దున్నే ముగించుకుని, చేపలు కొని ఐసు వేయించుకుని రాజోలులోనో నరసాపురంలోనో తెలిసినవాళ్ళింట్లో రాత్రికి వండించుకోవడమే దారి. తెలిసినవాళ్ళు లేకపోతే అంతర్వేదిని చేపల ప్రయాణంగా లెక్కేయకండి.

ఒక్కరోజే చేతిలో ఉంటే నేను చెప్పేది: పొద్దున కాకినాడ హార్బర్, మధ్యలో కోరంగి, మధ్యాహ్నం యానాంలో భోజనం. మూడూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి, చూసే పనీ తినే పనీ రెండూ అవుతాయి. భీమవరం, పాలకొల్లు వైపు వాళ్ళకి ఇంత దూరం తిరగడం దండగ, నరసాపురం వెళ్ళి రేవులో పంటు (బళ్ళనీ మనుషుల్నీ గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటితే అంతర్వేది దగ్గరే, ఆ పంటు దాటడమే సగం సరదా. వరద రోజుల్లో మాత్రం పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. ఏ వైపు వెళ్ళినా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వద్దు. ఆ 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం, ఆ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, హోటల్లో "ఇవాళ్టి చేప" అని చెప్పేది నిజానికి ఎప్పటిదో ఐసుకే తెలియాలి.