అంబాసిడర్ డీజిల్‌లో ఆల్టర్నేటర్ బెల్టుకి టర్న్‌బకిల్: ఏళ్ల తరబడి వాడాక

ముందుగా ఫలితం చెప్పేస్తాను. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టును బిగించడానికి పాత ఇనప పట్టీ బదులు టర్న్‌బకిల్ (తిప్పితే పొడవు మారే మరల రాడ్డు) పెట్టించుకోవడం, ఇదీ ఆ మార్పు. ఇది పనిచేస్తుంది, డబ్బు దండగ కాదు. కానీ దీన్ని పెట్టించుకుంటే బెల్టును ఇంకా గట్టిగా బిగించొచ్చు కదా అని ఆశపడేవాళ్లు మాత్రం దీని జోలికి పోకపోవడమే మంచిది. ఎందుకో కింద చెబుతాను.

బండి పాత అంబాసిడర్, 1489 సీసీ బీఎంసీ డీజిల్ ఇంజిన్. క్రాంక్ పుల్లీ, వాటర్ పంపు, ఆల్టర్నేటర్ మూడింటినీ ఒకే వీ బెల్టు తిప్పుతుంది. ఆల్టర్నేటర్ ఒక పక్క పివట్ బోల్టుల (ఇరుసులా పనిచేసే బోల్టుల) మీద ఊగుతుంది, రెండో పక్క గాడి కోసిన ఇనప పట్టీకి బిగించి ఉంటుంది. బెల్టు వదులైతే బోల్టులు సడలించి, ఇంజిన్‌కీ ఆల్టర్నేటర్‌కీ మధ్య టైరు లివరు దూర్చి, ఒక చేత్తో దాన్ని లాగిపట్టి రెండో చేత్తో పానా తిప్పాలి. బోల్టు బిగిసే ఆఖరి చుట్టులో ఆల్టర్నేటర్ వెంట్రుకవాసి వెనక్కి వస్తుంది. అది తెలిసిన మెకానిక్ ముందే కాస్త ఎక్కువ లాగుతాడు. దాంతో బెల్టు వీణ తీగలా బిగుసుకుంటుంది, లేదా నెల తిరక్కుండానే మళ్లీ కీచుమంటుంది. సరిగ్గా కుదరడమంటే ఆ రోజు మన అదృష్టమే.

పెట్రోలు బండ్లలో ఇదే పట్టీ ఇంత విసిగించదు. డీజిల్‌ సంగతి వేరు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకి రెండుసార్లు పేలుతుంది. 700 ఆర్పీఎం (నిమిషానికి 700 చుట్లు) దగ్గర సెకనుకి 23 సార్లన్నమాట. డీజిల్‌లో ఆ పేలుడు పెట్రోలు కన్నా బలంగా ఉంటుంది కాబట్టి పేలిన ప్రతిసారీ క్రాంక్ గట్టిగా ముందుకు ఉరుకుతుంది, ఆ వెంటనే నెమ్మదిస్తుంది. ఆల్టర్నేటర్ రోటర్ బరువైనది, పైగా చిన్న పుల్లీ వల్ల క్రాంక్ కన్నా చాలా వేగంగా తిరుగుతుంటుంది కాబట్టి ఆ ఉరుకులకు తగ్గట్టు మారలేదు. ఆ లాగుడంతా బెల్టు మీదే పడుతుంది. పొద్దున్నే హీటర్ ప్లగ్గులు, సెల్ఫ్ కలిసి బ్యాటరీని పిండేశాక ఆల్టర్నేటర్ మీద లోడు ఎక్కువగా ఉంటుంది. 14 వోల్టుల దగ్గర 35 ఆంపియర్లు ఇస్తుంటే దాదాపు 500 వాట్లు. సగం శక్తి వేడిగా పోతుందనుకున్నా బెల్టు మోయాల్సింది కిలోవాట్, అంటే ఒక హార్స్ పవర్ పైనే. చలికాలం పొద్దున వీధంతా లేచేలా వచ్చే ఆ కీచు శబ్దం ఇందుకే.

చాలామంది ఈ చప్పుడుకి బెల్టు మీద సబ్బు రాస్తారు. చప్పుడు పోతుంది, జారడం పెరుగుతుంది. అది మందు కాదు, నోరు మూయించడం.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో నేను చేయించుకున్నది ఇదీ. పాత పట్టీ తీసేసి దాని స్థానంలో ఒక హెక్స్ (ఆరు పలకల) రాడ్డు పెట్టాం. ఒక చివర కుడి మర, రెండో చివర ఎడమ మర. రెండు చివర్లలోనూ గుండు ఉండే రాడ్ ఎండ్లు (అటూ ఇటూ తిరిగే కీళ్లు), ఒకటి ఇంజిన్ వైపు, ఒకటి ఆల్టర్నేటర్ చెవికి (బోల్టు పట్టే రంధ్రమున్న కొసకి). మర 8 ఎంఎం, పిచ్ (ఒక చుట్టుకి మర జరిగే దూరం) 1.25 మిల్లీమీటర్లు. రాడ్డును ఒక చుట్టు తిప్పితే రెండు వైపులా కలిపి 2.5 మిల్లీమీటర్లు సాగుతుంది. హెక్స్ ఒక్క ముఖం జరిపితే సుమారు 0.4 మిల్లీమీటరు. లివరుతో ఇంత సన్నగా జరపడం ఎవరి తరమూ కాదు. ముందు పివట్ బోల్టుల్ని కొంచెం సడలించాలి, లేకపోతే ఆల్టర్నేటర్ చెవి మీద ఒత్తిడి పడుతుంది. తర్వాత రాడ్డు తిప్పుకుంటూ, బెల్టు పొడవాటి వైపు మధ్యలో బొటనవేలితో నొక్కి చూస్తూ, అర అంగుళం దిగే దగ్గర ఆపాలి. చెక్ నట్లు (రాడ్డు తిరిగిపోకుండా ఆపే నట్లు), పివట్ బోల్టులు బిగించాలి. బిగించాక కూడా బెల్టు అక్కడే ఉంటుంది. నాకు ఇందులో నచ్చిందల్లా ఈ ఒక్క సంగతే, కానీ అన్నిటికీ అదే మూలం.

ఇక బెల్టును బిర్రుగా లాగితే ఏమవుతుందో చెబుతాను. ఫ్యాను కూడా వాటర్ పంపు షాఫ్టు మీదే ఉంటుంది కాబట్టి ముందు ఆ బేరింగ్ పోతుంది. పంపు కింది చిన్న రంధ్రం నుంచి నీటి చెమ్మ, తర్వాత చుక్కలు. ఆ తర్వాత ఆల్టర్నేటర్ ముందు బేరింగ్ గుయ్యిమంటుంది. లివరుతో బిగించే రోజుల్లో నా బండిలో ఇవి రెండూ తరచూ చూసినవే. టర్న్‌బకిల్ వచ్చాక వాటర్ పంపు జోలికి వెళ్లాల్సిన పని పడలేదు. ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 13.8 నుంచి 14.2 మధ్య నిలకడగా ఉంటోంది. స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) లైట్లు మిణుకుమిణుకుమనడం తగ్గింది.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. మొదటిది రాడ్ ఎండ్లు. రోడ్ల మీది దుమ్ము గుండులోకి చేరి గ్రీజుతో కలిసి సానరాయిలా అరగదీస్తుంది. కొన్నాళ్లకి స్లోలో టిక్కుటిక్కుమనడం మొదలైంది. చేత్తో పట్టి ఊపితే వదులు తెలిసిపోతోంది. రబ్బరు మూత ఉన్న రకం వేస్తే ఎక్కువ కాలం వచ్చింది గానీ శాశ్వతం కాదు. చివరికి ఇంజిన్ వైపు చివర ఫోర్కు, ఇత్తడి బుష్, పిన్ను పెట్టించాను. అది ఇప్పటికీ బాగానే ఉంది. రెండోది చెక్ నట్లు. డీజిల్ అదురుకి స్ప్రింగ్ వాషర్ ఏ మూలకూ చాలదు. నట్టు మీదా రాడ్డు మీదా కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీసి ఉంచితే, బానెట్ ఎత్తినప్పుడల్లా గీత తప్పిందా లేదా ఒక్క చూపుతో తెలుస్తుంది. ఎడమ మర ఉన్న నట్టుకి ఫైలుతో చిన్న గాటు పెట్టించండి. లేకపోతే కొత్త మెకానిక్ వదులు చేస్తున్నాననుకుని బిగించి మర చెడగొడతాడు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. గట్టిగా బిగించిన పట్టీ ఆల్టర్నేటర్‌ని పక్కలకు కదలకుండా కొంతవరకు ఆపేది. గుండు చివర్లున్న రాడ్డు ఆ పని చేయదు. మొత్తం భారం పివట్ మీదే పడుతుంది. ఇన్నేళ్ల అదురుకి పివట్ దగ్గరి ఆల్టర్నేటర్ చెవి రంధ్రం కోలగా అరిగి ఉంటే, బిగించేకొద్దీ ఆల్టర్నేటర్ ఒరుగుతుంది, బెల్టు వంకరగా నడుస్తుంది. కాబట్టి ముందు పివట్‌కి బుష్ వేయించండి. పుల్లీలు మూడూ ఒకే గీతలో ఉన్నాయో లేదో క్రాంక్ పుల్లీ అంచు మీదుగా దారం లాగి చూడండి. గాడి అడుగు అద్దంలా మెరుస్తోందంటే బెల్టు పక్క గోడల మీద కాకుండా అడుగున కూర్చుంటోందని అర్థం. వీ బెల్టు పట్టంతా పక్కల్లోనే ఉంటుంది. అలాంటి పుల్లీకి ఏ టెన్షనర్ పెట్టినా లాభం లేదు, పుల్లీ మార్చాల్సిందే. కీచుమంటున్నప్పుడు బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరిస్తే ఒక ఆధారం దొరుకుతుంది. చప్పుడు పెరిగితే టెన్షన్ చాలడం లేదని అనుమానించాలి, కాసేపు ఆగి మళ్లీ మొదలైతే వంకర ఉందేమో వెతకాలి.

మా బావమరిది పాత మహీంద్రా జీపుకి ఇంకో పద్ధతిలో చేయించాం. గాడి పట్టీని అలాగే ఉంచి, కాకపోతే 6 ఎంఎం మందం ప్లేటుతో కొత్తది కోయించి, దాని చివర ఒక జాకింగ్ బోల్టు పెట్టాం. బోల్టు ఆల్టర్నేటర్‌ని లాగుతుంది, పట్టీ పట్టుకుంటుంది. చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ అరిగే గుండ్లు లేవు, పక్క ఊపు లేదు, ఎడమ మర గోల లేదు. ఎవరైనా ఇప్పుడు కొత్తగా చేయించుకుంటానంటే నేను ఇదే చెబుతాను. టర్న్‌బకిల్ మాత్రం, పట్టీకి చోటు చాలని ఇంజిన్లకి మంచిది.

ఇంకొక్క మాట, ఆల్టర్నేటర్ వెనకాల బ్రేకు కోసం వాక్యూమ్ పంపు ఉన్న డీజిల్ బండ్లవాళ్లకి. అక్కడ బెల్టు జారితే చార్జింగే కాదు, బ్రేకు పెడలూ గట్టిపడుతుంది. పంపుకి వచ్చే ఆయిల్ పైపు, వాక్యూమ్ గొట్టం ఆల్టర్నేటర్‌తో పాటే జరుగుతాయి కాబట్టి, రాడ్డు పూర్తిగా సాగినప్పుడు కూడా అవి లాగినట్టు కాకుండా వదులుగా ఉన్నాయని చూసుకున్నాకే చెక్ నట్లు బిగించండి.