బైక్‌లో స్కూటర్ ఆయిల్ పోసేస్తున్నారు. డబ్బా వెనక చూడకుండా పోయనివ్వకండి

బైక్ ఉన్నవాళ్ళు దయచేసి ఇది చదవండి. విజయవాడలో మా తమ్ముడి హోండా షైన్ బైక్‌కి ఈమధ్య జరిగిన సంగతి ఇది. షాపు పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటిది ఏ షాపులోనైనా జరగొచ్చు.

ఆయిల్ మార్చమని బండి ఇస్తే "మీది 10డబ్ల్యూ-30 కదా, ఇదిగో" అని డబ్బా చూపించి పోసేశారు. నంబరు సరిపోయింది. కొన్నాళ్ళు బండీ బాగానే నడిచింది. ఆ తర్వాత దుర్గ గుడి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే రైజ్ ఇచ్చినా ఇంజిన్ అరవడమే గానీ బండికి లాగుడు లేదు. క్లచ్ కేబుల్ సర్దించినా మార్పు లేదు. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ చూసి ముందు ఆయిల్ డబ్బా తెమ్మన్నాడు. ఖాళీ డబ్బా ఇంట్లోనే ఉంది కాబట్టి సరిపోయింది. వెనక చిన్న అక్షరాల్లో జాసో ఎంబీ అని ఉంది. అది గేర్లు లేని స్కూటర్లకి పోసే ఆయిల్! క్లచ్ విప్పితే ప్లేట్ల మీద గరుకు పోయి అద్దంలా మెరుస్తున్నాయి. ఆయిల్‌తో పాటు ప్లేట్లూ మార్చాల్సి వచ్చింది. షాపుకెళ్ళి అడిగితే "గ్రేడ్ ఒకటే కదన్నా" అన్నారు.

గ్రేడ్ ఒకటైతే చాలదండీ. 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 అనేవి ఆయిల్ చిక్కదనం గురించి మాత్రమే చెబుతాయి. మన బైకుల్లో చాలావాటికి ఇంజిన్, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో తిరుగుతాయి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోలేవు. అందుకే జపాన్ వాళ్ళు 1998లో జాసో గుర్తులు పెట్టారు. గేర్ల బైక్‌కి ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉండాలి. యాక్టివా లాంటి స్కూటర్లలో క్లచ్ ఆయిల్‌లో మునగదు కాబట్టి వాటికి ఎంబీ పోస్తారు.

కారు ఆయిల్ చవగ్గా వస్తోందని పోయించుకునేవాళ్ళకీ ఇదే ముప్పు. డబ్బా మీద ఏపీఐ (అమెరికా వాళ్ళ ఆయిల్ నాణ్యత ముద్ర) గుండ్రటి గుర్తు కింది భాగంలో "రిసోర్స్ కన్జర్వింగ్" అని ఉంటే, అంటే ఇంధనం ఆదా కోసం జారుడు పెంచిన ఆయిల్ అయితే, బైక్‌లో అస్సలు పోయించకండి. ఆ ఏపీఐ గుర్తులోనే ఉండే నాణ్యత తరగతుల్లో ఎస్ఎల్ కంటే ఎస్ఎన్ కొత్తది, మంచిది అని అమ్ముతుంటారు. నిజమే కావచ్చు, కానీ పక్కన జాసో ఎంఏ లేకపోతే ఆ మంచి మన క్లచ్‌కి పనికిరాదు. మీ బండికి ఏది పొయ్యాలో ఓనర్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ పేజీ ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి, షాపులో వాదన ఉండదు.

లూజ్ ఆయిల్ జోలికి వెళ్ళొద్దు. డబ్బా మూత కింది రింగు తెగి ఉన్నా, లోపలి సీలు రేకు లేకపోయినా, బ్యాచ్ నంబరు చెరిపినట్టున్నా తీసుకోకండి. మూత మీ కళ్ళ ముందే తియ్యమనండి.

పోశాక లెవెల్ కూడా చూడండి. షైన్ లాంటి బండికైతే మెయిన్ స్టాండ్ వేసి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే గీతల పుల్ల) తుడిచి, మర తిప్పకుండా ఊరికే దించి చూడాలి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి, పై గీత దాటినా మంచిది కాదు.

ఇప్పటికే క్లచ్ జారుతున్నట్టు అనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా ఆయిల్ తీయించేయండి. డబ్బా, బిల్లు మాత్రం పారెయ్యొద్దు. షాపువాళ్ళు ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు, అప్పుడు అవే ఆధారం.