ఒడిశా రాయగడ బస్టాండ్ దగ్గర జిరాక్స్ షాపు: 4 స్టార్లు

మా చెల్లి సోషల్ వర్క్ చదువుతోంది, ఆస్ట్రేలియాలో 1997లో వచ్చిన 'బ్రింగింగ్ దెమ్ హోమ్' నివేదిక ప్రింటు తీయించమంది. దాదాపు 700 పేజీలు! షాపాయన తెలుగాయనే, "ఇంత లావుది ఎవరు చదువుతారు బాబూ" అన్నాడు. మధ్యలో కరెంటు పోయింది, అక్కడే బల్ల మీద కూర్చుని, వచ్చిన కాగితాలు నేనే చదవడం మొదలుపెట్టాను.

1910-70 మధ్య అక్కడి ఆదివాసీ పిల్లల్లో ముగ్గురిలో ఒకరి నుంచి పదిమందిలో ఒకరి దాకా ఇళ్ల నుంచి సర్కారు బలవంతంగా తీసుకెళ్లిందని అంచనా, కొందరిని హాస్టళ్లలాంటి సంస్థల్లో పెట్టారు, కొందరిని తెల్లవాళ్లకు దత్తత ఇచ్చేశారు, మీ అమ్మ చచ్చిపోయిందనో నువ్వు అక్కర్లేదందనో చెప్పారట. తల్లులేమో రాని ఉత్తరాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. అమ్మ ఒడి తెలియకుండా పెరిగినవాళ్లకి తమ పిల్లల్ని పెంచడం కష్టమైంది, కొందరి పిల్లల్నీ మళ్లీ సర్కారే తీసుకెళ్లింది. భాష పోయింది, ఊరితో బంధం తెగింది కాబట్టి సొంత భూమి మీద హక్కు నిరూపించుకోవడమూ కష్టమే. మా కొండల్లో పుట్టినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. దీనికి ఆస్ట్రేలియా పార్లమెంటులో అక్కడి ప్రధాని క్షమాపణ 2008లో చెప్పారు. బలవంతపు దత్తతలకి విడిగా 2013లో.

సరే, షాపు సంగతి. అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి, రెండు భాగాల స్పైరల్ గట్టిగా ఉంది. కానీ రెండో భాగంలో ఓ కట్ట తలకిందులుగా పెట్టారు, మర్నాడు ఫ్రీగా సరిచేశారు. ఒక స్టార్ దానికే కోత.