క్రాపీ "బ్రష్ కిట్" పేరుతో అమ్ముతున్న ఫ్లై ఫిషింగ్ పెట్టెలతో జాగ్రత్త

ఈ వసంతంలో క్రాపీ అనే మంచినీటి చేప కోసం ఫ్లై రాడ్ కొందామనుకుంటున్న మనవాళ్లకు, ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఈ హెచ్చరిక. రాడ్, రీల్, లైన్, రెండు డజన్ల ఫ్లైలు (హుక్ మీద ఈకలు, దారంతో కట్టిన ఎరలు), "సీక్రెట్ స్పాట్స్" అనే ఒక ఫైలు, అన్నీ కలిపి ఒక పెట్టెగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మునిగిన కంపల్లో, దుంగల మధ్య క్రాపీ పట్టడానికే ప్రత్యేకంగా తయారుచేశామని ప్రకటన. 130 డాలర్లు పెట్టి నేనూ కొన్నాను. లోపల ఉన్నవాటిలో ఒక్క రీల్ తప్ప ఏదీ ఆ పనికి పనికొచ్చేది కాదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే మొదలైన సాకులు ఇంకా అయిపోలేదు.

విషయం కొత్తవాళ్లకు అర్థం కావాలంటే ముందు చేప గురించి చెప్పాలి. క్రాపీలో తెలుపు, నలుపు అని రెండు రకాలు. రెండూ గుంపులుగా ఉంటాయి, రెండూ ఎక్కువగా కంపల దగ్గర చేరతాయి. నీళ్లు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి 68 దాకా వేడెక్కే రోజుల్లో గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ చోటికి వస్తాయి. ఉత్తర టెక్సాస్‌లో అది మామూలుగా మార్చి, ఏప్రిల్. ఫ్లై రాడ్‌తో పట్టడానికి ఇంతకన్నా మంచి కాలం ఉండదు. లేక్ ఫోర్క్‌కు వెళ్లినవాళ్లకు తెలుసు, 1980లో నింపడం మొదలుపెట్టిన ఆ జలాశయంలో చాలాచోట్ల చెట్లు కొట్టకుండానే నీళ్లు వదిలారు. ఇప్పటికీ మోడులు నీళ్లలోంచి పైకి కనిపిస్తాయి. మిగతా లేకుల్లో చేపలు చేరడానికని వెదురు బొంగులు, వాడేసిన క్రిస్మస్ చెట్లు అధికారులే ముంచుతారు. మన ఊళ్లలో దొంగ వలలు పడకుండా చెరువులో తుమ్మకంప వేస్తారు కదా, ఇక్కడ అదే కంప చేపను పిలవడానికి వేస్తారు.

క్రాపీ కళ్లు పైకి చూసేలా ఉంటాయి. ఎర తన తల మీదుగా నెమ్మదిగా పోతే పైకి లేచి పీల్చుకుంటుంది, కింద పోతే చాలాసార్లు పట్టించుకోదు. కాబట్టి ఫ్లైని కంపకు కొంచెం పైన, దాదాపు తగులుతూ నడపాలి. కొమ్మలకు తట్టుకోవడం తప్పదు. తట్టుకున్నప్పుడు ఏమవుతుంది అన్నదాని మీదే ఆ రోజంతా ఆధారపడి ఉంటుంది. ఈ కిట్ దెబ్బకొట్టింది సరిగ్గా అక్కడే.

మొదటి మోసం హుక్. కంపల్లో వాడే క్రాపీ ఫ్లైలకు సన్నటి తీగ హుక్ ఉండాలి, అబర్డీన్ రకం అంటారు. కొమ్మకు పట్టుకున్నప్పుడు రాడ్ వంచకుండా, లైన్ చేత్తో పట్టుకుని తిన్నగా లాగితే హుక్ సాగి బయటికి వచ్చేస్తుంది. పట్టకారుతో మళ్లీ వంచుకుని వాడుకోవచ్చు. దానికి 8 పౌండ్ల బరువు ఆపే టిప్పెట్, అంటే ఫ్లైని కట్టే చివరి సన్నటి దారం, వేస్తే చాలు, మురికి నీళ్లలో క్రాపీ దానికి బెదరదు. కిట్ ప్రకటనలో కూడా "లైట్ వైర్" అనే రాశారు. వచ్చినవి మాత్రం మందపాటి హుక్‌లు, సముద్రం చేపలకు వాడే లాంటివి. ఎంత లాగినా వంగవు. కిట్‌లోనే ఇచ్చిన 4 పౌండ్ల టిప్పెట్ తెగిపోతుంది. ఫ్లై పోయినందుకు కాదు నా బాధ. హుక్‌తో పాటు కొంత దారం కొమ్మకు వేలాడుతూ ఉండిపోతుంది. దాంట్లో తాబేళ్లు, నీటికాకులు చిక్కుకుంటాయి. కంపల కోసమే తయారుచేశాం అని చెప్పి ఇలాంటివి అమ్మడం నాకు నిజంగా కోపం తెప్పించింది.

రెండోది వీడ్‌గార్డ్. హుక్ మొనకు ముందు సన్నటి నైలాన్ దారం మెలిక పెడతారు, కొమ్మ తగిలితే పక్కకు జారడానికి. అది మెత్తగా ఉండాలి. క్రాపీ నోరు కాగితంలా పల్చగా ఉంటుంది, ఇక్కడివాళ్లు దాన్ని పేపర్ మౌత్ అనే పిలుస్తారు. అది గట్టిగా కొరకదు, మెల్లగా పీల్చి మూస్తుంది. గార్డ్ బిరుసుగా ఉంటే మొన నోటికి తగలదు. గట్టిగా లాగితే నోరు చిరిగి చేప పోతుంది. వీళ్లు పెట్టిన గార్డ్ వేలితో నొక్కినా వంగనంత లావు. ఇంట్లోనే తెలిసిపోతుంది: గార్డ్‌ను చిటికెన వేలితో తోస్తే మొన బయటపడాలి. పడకపోతే ఆ ఫ్లై క్రాపీకి పనికిరాదు.

మూడోది బయటికి కనపడని మోసం. ఫ్లై తల దగ్గర రెండు గుండ్రటి కళ్లు కడతారు, డంబెల్ కళ్లు అంటారు. అందం కోసం కాదు అవి. బరువైన కళ్లను హుక్ కాడ పైభాగంలో కడితే నీళ్లలో ఫ్లై తలకిందులై మొన పైకి తిరుగుతుంది, దుంగ మీదుగా పోయినా అంతగా తట్టుకోదు. బాబ్ క్లౌజర్ అనే ఆయన 1980ల్లో సస్క్వెహన్నా నదిలో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసం కట్టిన క్లౌజర్ మిన్నో అనే ఫ్లై పనిచేసేది ఈ సూత్రం మీదే. ఈ కిట్‌లో "ఇత్తడి కళ్లు" అని రాసి, రంగు వేసిన ప్లాస్టిక్ పూసలు పెట్టారు. చూడ్డానికి తేడా తెలియదు. బకెట్ నీళ్లలో వేస్తే ఫ్లై మొన కిందికే పెట్టి, ఆకు రాలినట్టు దిగుతోంది. కొన్నింటికి దారం చుట్టు కూడా సరిగా లేదు, కళ్లు వేలితో తిప్పితే తిరుగుతున్నాయి.

ఇక లైన్. పెట్టె మీద 5 వెయిట్ అని ఉంది, రాడ్ మీద కూడా అదే. లైన్ ఎంత బరువు ఉండాలో చెప్పే అంకె అది. 5 వెయిట్ లైన్ మొదటి 30 అడుగులు సుమారు 140 గ్రెయిన్లు తూగాలి, అంటే 9 గ్రాములు. ఇది ఈ రంగంలో ప్రామాణికమైన కొలత. వంటింటి డిజిటల్ త్రాసులో పెడితే 6 గ్రాములు చూపించింది, అంటే 3 వెయిట్ లైన్ కన్నా కొంచెం తక్కువే. బయలు ప్రదేశంలో ఎలాగో నెట్టుకురావచ్చు. మోడుల మధ్య మాత్రం వెనక్కి విసరడానికి చోటుండదు, లైన్‌ను వెనక్కి విసరకుండా ముందుకే దొర్లించే రోల్ కాస్టే దిక్కు. దానికి లైన్ బరువుతోనే రాడ్ వంగాలి. తేలికపాటి లైన్‌తో ఫ్లై మన పడవ పక్కనే పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పు తమ చేతిదే అనుకుని వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్లు మనలో ఉంటే, మరొక్కసారి సరైన లైన్‌తో ప్రయత్నించమని అడుగుతున్నాను.

"సీక్రెట్ స్పాట్స్" ఫైలు విషయం ఒక్క ముక్కలో: టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ తను ముంచిన కంపల జీపీఎస్ పాయింట్లు లేకుల వారీగా ఉచితంగా ఇస్తోంది. నేను పోల్చి చూశాను, అంకెలతో సహా అవే. దానికి డబ్బు ఇవ్వకండి.

దాంతోపాటు వచ్చిన కాగితం ఇంకా ప్రమాదం. టెక్సాస్‌లో క్రాపీకి సైజు నియమం లేదని దాంట్లో ఉంది. ఇది అబద్ధం. రాష్ట్రంలో చాలా లేకుల్లో కనీసం 10 అంగుళాలు ఉండాలి, రెండు రకాలూ కలిపి రోజుకు 25 మించకూడదు. కొన్నిచోట్ల, లేక్ ఫోర్క్‌లో చలికాలంలో లాగా, వేరే నియమాలు ఉంటాయి. వెళ్లే ముందు ఆ లేక్ పేరుతో శాఖ సమాచారం చూసుకోండి. 17 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్స్ కావాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సరదాగా రాడ్ చేతికిచ్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. జరిమానా పడితే ఈ కాగితం చూపించి తప్పించుకోలేం.

వాపసు సంగతికి వద్దాం. ముందు "వాడిన వస్తువు" అన్నారు. బకెట్ నీళ్లలో తడపడం వాడకమా అని అడిగితే, సొంత ఖర్చుతో వేరే దేశంలోని చిరునామాకు పంపమన్నారు. ఆ తర్వాత, నేను రాసిన రివ్యూ తీసేస్తే కొంత డబ్బు ఇస్తామన్నారు. పెట్టెలో అయితే ముందే ఒక చీటీ ఉంది: 5 స్టార్లు ఇస్తే గిఫ్ట్ కార్డు. మంచి రివ్యూ రాయాలన్న షరతుతో డబ్బు గానీ కానుక గానీ ఇవ్వడాన్ని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 2024 అక్టోబర్ నుంచి నిషేధించింది. ఆ చీటీ ఫోటోతో నేను కమిషన్‌కు ఫిర్యాదు చేశాను, టెక్సాస్ అటార్నీ జనరల్ ఆఫీసుకూ పంపాను. క్రెడిట్ కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ నడుస్తోంది. ఆ పేజీలో మెరిసిపోతున్న రివ్యూలు చూసి ధైర్యం తెచ్చుకోకండి, అవి ఎలా వచ్చాయో ఆ చీటీ చెబుతోంది.

కొనే ముందు అమ్మేవాళ్లను హుక్ మోడల్ నంబర్ అడగండి, కళ్లు ఏ లోహమో అడగండి, లైన్ బరువు గ్రెయిన్లలో అడగండి. సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి. నా సలహా అయితే కిట్టే వద్దు. దగ్గర్లో ఫ్లై షాప్ ఉంటే అక్కడ ఒక 5 వెయిట్ ఫ్లోటింగ్ లైన్ కొనుక్కోండి. 6 నుంచి 10 సైజులో, సన్నటి హుక్ మీద మరబూ అనే మెత్తటి ఈకతో కట్టిన ఫ్లైలు కొన్ని తీసుకోండి. అంతకన్నా ఎక్కువ సరంజామా ఈ చేపకు అక్కర్లేదు.

ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి. లైన్‌ను పొడిగానే తూచండి, త్రాసు అంకె కనిపించేలా ఫోటో తీయండి, ఫ్లైలను ఆ తర్వాతే తడపండి. ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్ ఇప్పుడే దాచుకోండి, నేను కొన్నాక వాళ్లు "ఇత్తడి" అన్న మాట తీసేశారు. క్రెడిట్ కార్డుతో కొనుంటే, ఆ ఖర్చు కనిపించే మొదటి స్టేట్‌మెంట్ పంపిన రోజు నుంచి 60 రోజుల్లోగా బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. అమ్మినవాళ్లు "వచ్చే వారం చూస్తాం, ఆ పై వారం చూస్తాం" అంటూ లాగేది ఆ గడువు దాటించడానికే. వాళ్ల జవాబు కోసం ఆగకుండా బ్యాంకుకు ఈ రోజే రాయండి.