మిరప చేలల్లో దామిని యాప్: ఒక ముఠా మేస్త్రి రివ్యూ

పల్నాడు వైపు మిరప కోతలకు ఆడవాళ్ల ముఠాను తీసుకెళ్తుంటాను. పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపించే దామిని యాప్‌ను కొన్ని సీజన్లుగా పొలంలోనే వాడుతున్నాను. మాలాగే ఎండలో, వానలో పనిచేసేవాళ్లకు ఉపయోగపడుతుందని ఈ రివ్యూ రాస్తున్నాను.

యాప్ ఉచితం. పుణెలోని ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థ తయారు చేసింది. మెరుపు మెరిసినప్పుడు రేడియో తరంగాలు పుడతాయి. దేశంలో అక్కడక్కడా పెట్టిన సెన్సార్లు వాటిని పట్టుకుంటాయి. ఏ సెన్సార్‌కు ముందు చేరింది, దేనికి తర్వాత చేరింది అన్న తేడాను లెక్కగట్టి పిడుగు పడిన చోటు తేలుస్తారు. మనకు 20, 40 కిలోమీటర్ల దూరంలో పిడుగులు పడుతుంటే ఫోన్ హెచ్చరిస్తుంది. చేలో ఉన్నవాళ్లకు ఈ దూరమే ప్రాణం. ఉరుము మహా అయితే పది పదిహేను కిలోమీటర్ల వరకే వినిపిస్తుంది. అంటే ఉరుము విన్నాక బయల్దేరితే అప్పటికే పిడుగు పడే చోటులో ఉన్నట్టు. 40 కిలోమీటర్ల హెచ్చరిక రాగానే కదిలితే ఊరు చేరే టైం దొరుకుతుంది.

దొరికిన ఆ టైం మా చేతిలో ఉంటుందా అన్నది వేరే సంగతి. ఏప్రిల్ మధ్యాహ్నం మబ్బు పట్టిందంటే కళ్లంలో ఎండబోసిన కాయ తడుస్తుందని రైతుకు ఒకటే టెన్షన్. "పట్టాలు కప్పండమ్మా, పరుగెత్తండి" అని కేకలేస్తాడు. అందరం ఆరుబయట, చదునైన నేల మీద, తలెత్తి నిలబడేది సరిగ్గా ఆ ఘడియలోనే. ఏడాది పంట తడిస్తే ఆయన గతేమిటో నాకూ తెలుసు, ఆ కేకను తప్పు పట్టలేను. కానీ ఒకచోట మబ్బు చూసి ముందే పని ఆపామని సగం కూలి కోశారు. ఆ రోజు నుంచి పనికి ఒప్పుకునేటప్పుడే రైతు ముందు ఫోన్ పెట్టి చెబుతున్నాను: "అన్నా, ఇది 40 కిలోమీటర్లలో అని చూపించగానే పట్టాలు కప్పేస్తాం. 20 లోపలికి వస్తే వెళ్లిపోతాం. కూలి మాత్రం కోయకూడదు." చాలామంది ఒప్పుకుంటున్నారు. ఇదివరకు నా భయానికీ ఆయన నష్టానికీ మధ్య వాదన జరిగేది, ఇప్పుడు ఇద్దరం ఒకే మ్యాప్ చూస్తున్నాం. ఈ యాప్ మాకు చేసిన పెద్ద మేలు ఇదే.

పిడుగులు కొత్తగా వచ్చినవేం కావు. ఉరిమితే "అర్జునా, ఫల్గుణా" అనుకోవడం మా అమ్మమ్మ నేర్పిందే. మా ముఠాలో పెద్దమ్మ ఇప్పటికీ అనుకుంటుంది. "అనుకుంటూనే నడువు పెద్దమ్మా, ఆగకు" అంటాను. కానీ గాలి వేడెక్కేకొద్దీ ఎక్కువ తేమ మోస్తుంది, ఉరుముల మబ్బుకు బలం చేకూరుతుంది. భూమి ఒక్క డిగ్రీ వేడెక్కితే అమెరికాలో పిడుగులు సుమారు 12 శాతం పెరుగుతాయని బర్కిలీ శాస్త్రవేత్తలు 2014లో లెక్కగట్టారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనే 2018 ఏప్రిల్‌లో ఒక్కరోజు 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. దేశంలో 2022లో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర గణాంకాల లెక్క. పొలాల్లో పనిచేసేవాళ్లు, గొడ్లు కాసేవాళ్లే ఎక్కువగా బలవుతున్నారు. మా పని వేళలు కూడా మారిపోయాయి. ఏప్రిల్ వస్తే చీకటితోనే చేలో దిగి మధ్యాహ్నానికల్లా చాలిస్తున్నాం. ఎండ దెబ్బకు భయపడి మొదలుపెట్టిన పద్ధతి పిడుగులకూ పనికొచ్చింది, ఎందుకంటే అవి ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పడతాయి.

వాడేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. డేటా, లొకేషన్ రెండూ ఆన్‌లో ఉండాలి. సిగ్నల్ లేని చేలో ఏ యాప్ అయినా ఏం చెయ్యగలదు? అప్పుడు పాత లెక్కే: మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టాలి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉరిమితే వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. తర్వాతి పిడుగు ఫలానా గట్టు మీద పడుతుందని ఏ యాప్ కూడా చెప్పలేదు, కాబట్టి మ్యాప్ మీద చుక్క పక్క ఊరి మీద ఉందని ధీమా పడొద్దు. వేప చెట్టు కింద, పక్కలు తెరిచి ఉన్న పందిట్లో, ట్రాక్టర్ ట్రక్కులో నిలబడితే రక్షణ లేదు. సెల్‌ఫోన్ పిడుగును లాగుతుందని మావాళ్లు చాలామంది స్విచాఫ్ చేస్తారు. అది నిజం కాదు. పైగా ఫోన్ ఆపితే హెచ్చరికే రాదు.

నా మార్కులు అయిదుకు నాలుగున్నర. ముఠాలో అందరికీ స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మేస్త్రి దగ్గర ఒకటి, ఇంకొకరి దగ్గర ఒకటి ఉంటే చాలు. రెండోది ఎందుకంటే మధ్యాహ్నానికి నా ఫోన్ ఛార్జింగ్ అయిపోతుంది. కోతలు మొదలవకముందే వేసుకుని, కూలి మాట కూడా అప్పుడే తేల్చుకోండి.