నమూనా కారుకు ఎల్‌ఈడీ కిట్: దీపాలు మంచివే, వైరింగులోనే లోపం

1:24 కొలతలోని (అసలు కారు పొడవులో 24వ వంతు ఉండే) ప్లాస్టిక్ నమూనా కారుకు దీపాలు అమర్చేందుకు ఇటీవల ఆన్‌లైన్‌లో ఒక చిన్న ఎల్‌ఈడీ కిట్ తెప్పించుకున్నాను. అందులో ముందువైపుకు రెండు తెల్లవి, వెనుకకు రెండు ఎర్రవి, ఒక స్విచ్, 3 వోల్టుల సీఆర్2032 బిళ్ల బ్యాటరీకి తగిన గూడు ఉన్నాయి. సన్నని రాగి తీగలు ముందే అతికి ఉండడం టంకం పని అంతగా రానివారికి నిజంగా మేలు. అయితే ఆ తీగల కొసల మీది ఎనామిల్ పూతను గీకకపోతే కరెంటు పారదన్న ముక్క సూచనల కాగితంలో లేకపోవడంతో, నాకు ఒక సాయంత్రమంతా దానికే సరిపోయింది.

అసలు లోపం వేరే ఉంది. ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులకే వెలుగుతుంది, తెల్లదానికి దాదాపు 3 వోల్టులు కావాలి. నాలుగింటినీ రెసిస్టర్ (కరెంటును పరిమితం చేసే చిన్న భాగం) లేకుండా సమాంతరంగా, అంటే ప్రతిదాన్నీ నేరుగా బ్యాటరీ రెండు కొసలకూ, కలపమని చెప్పడం వల్ల, కరెంటులో అధిక భాగం ఎర్రవాటి గుండానే పోయి, ముందు దీపాలు మిణుకుమిణుకుమంటూ మిగిలాయి. ఒక్కొక్క ఎర్రదానికి 220 ఓముల రెసిస్టర్‌ను వరుసలో కలిపాకే తెల్లని వెలుగు నిలదొక్కుకుంది. అంత చవకైన వస్తువును కిట్‌లో వేయడానికి పిసినారితనం ఎందుకో! బ్యాటరీ గూడు సీట్ల కింద చక్కగా ఇమిడింది గానీ, బ్యాటరీ మార్చాలంటే ప్రతిసారీ చాసిస్ విప్పక తప్పదు.